కాపురాలు కలపని మా వదిన

మా వదిన పోయింది. మంగళవారం పొద్దున నేను వాలేలేవు మార్కెట్లో చేమాకు కట్టలు ఏరుకుంటుంటే లోవు ఊరి నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, అమ్మ లేదు" అంది. ఏళ్ల తరబడి షుగరు, ఆఖర్న కిడ్నీలు. ఎదురుచూస్తున్న వార్తే. అయినా చేతిలో ఉన్న కట్టను బల్ల మీద పెట్టేసి, ఇంటికి కూడా వెళ్లకుండా బస్సు ఎక్కాను.

బస్సు సగం దారిలో ఉండగానే మా తెలుగు సంఘం వారి సంతాపం ఫోనులోకి వచ్చింది. "విడిపోబోయిన ఎన్నో కాపురాలను కలిపిన మహా ఇల్లాలు" అని రాశారు. దాని కింద వరసగా దండాలు, పూలు. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. మా వదిన తన జన్మలో ఒక్క కాపురాన్నీ కలపలేదు. కలిపింది మేము. మేము కలిపిన కాపురాల లోపల ఏం జరుగుతోందో కోర్టులో పైకి చెప్పడం ఆవిడ ఉద్యోగం. సంతాపం రాసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. పోయినవాళ్లు తిరిగొచ్చి ఏ మాటా దిద్దరన్న ధైర్యం. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మా అన్నయ్య భార్య. మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మా ఇంటికి వచ్చింది. గిర్మిట్ కాలంలో కూలి ఒప్పందం మీద ఓడెక్కి చెరుకు తోటల పనికి వచ్చిన తాతమ్మ పెంచడంతో ఆవిడ తెలుగు మా అందరికన్నా నయం. అన్నయ్య చక్కెర మిల్లులో పనిచేసేవాడు. వదిన టౌను కోర్టులో టైపిస్టు. ఆ టౌను పేరు రాయను. ఆ రోజుల్లో ఏ టౌను కోర్టైనా ఒకటే.

ఆవిడ దుబాసీ ఎలా అయిందో చెప్పాలి. అప్పట్లో కోర్టు దుబాసీగా ఒక పెద్దమనిషి ఉండేవాడు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒకరోజు చెరుకు తోటల నుంచి ఒక మనిషి, మొగుడి మీద ఫిర్యాదు పెట్టినావిడ, బోనులో నిలబడి చాలాసేపు హిందీలో చెప్పింది. అంతా విని ఆయన ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పాడు: "ఇద్దరికీ చిన్న తగాదా జరిగిందట." మూలన టైపు చేస్తున్న మా వదిన చేతులు ఆపేసింది.

"ఆమె అలా అనలేదు సార్" అంది లేచి.

మేజిస్ట్రేటు తలెత్తి, "మరేమంది?" అన్నాడు.

"మొగుడు చెరుకు కత్తి పిడితో నడుం మీద కొట్టాడంది. తర్వాత అన్నం పెట్టమన్నాడంది. పెట్టిందట. తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ కొట్టాడంది."

తర్వాత మేజిస్ట్రేటు ఆ మనిషి వైపు తిరిగి, ఆ కాలంలో ఇలాంటి ప్రతి కేసులోనూ అడిగే ప్రశ్నే అడిగాడు: "రాజీ పడ్డారా?" ఆమె మొగుడి మొహం చూసి తలూపింది. ఫైలు మూసేశారు. ఆ రోజు అంతకన్నా ఏమీ జరగలేదు. కానీ ఆ పెద్దమనిషి రిటైరయ్యాక ఆ కుర్చీ వదినకు వచ్చింది.

మిగతా దుబాసీలు మనుషుల మాటలను శుభ్రం చేసి ఇచ్చేవాళ్లు. వదిన మాత్రం మొగుడు తిట్టిన తిట్టును తిట్టులాగే, అదే వరసలో, గొంతు పెంచకుండా ఇంగ్లీషులో చెప్పేది. ఒక మేజిస్ట్రేటు ఇబ్బందిపడి, "ఆ మాటలు వదిలేయండి, అర్థమైంది" అన్నాడట. "నేను నోరుని మాత్రమే సార్, చీపురును కాదు. నేను ఊడ్చేస్తే ఆమె చెప్పనట్టే" అని జవాబిచ్చిందట. లాయర్లు ఆవిణ్ణి చూసి నవ్వుకునేవాళ్లు. ఆవిడ వాళ్ల గదిలో టీ తాగేది కాదు. చింతపండు చట్నీ రాసిన రోటీ చుట్టి తెచ్చుకుని, కోర్టు వెనక మెట్ల మీద ఆడవాళ్ల మధ్య కూర్చుని తినేది. వాళ్లతో కేసు మాట మాట్లాడేది కాదు, అది తన పని కాదనేది. మొగుళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది. ఎందుకని ఒకసారి అడిగాను. "వినడం నా డ్యూటీ. చూడడం నై" అంది.

ఇక నా సంగతి. నేను స్కూలు హెడ్మాస్టర్ని, సంఘానికి కార్యదర్శిని. నా ఇంగ్లీషు మీద నాకు చాలా గొప్ప. అధ్యక్షుడు హార్డ్‌వేర్ షాపు యజమాని. మూడోవాడు గుడి పూజారి. ఆదివారం భజన అయ్యాక హాల్లో చాప పరిచి, మధ్యలో యంగోనా వేరు కలిపిన మత్తునీళ్ల గిన్నె పెట్టుకుని, కొబ్బరి చిప్పలతో తాగుతూ, మేము ముగ్గురం జనం కాపురాలు బాగుచేసేవాళ్లం. దెబ్బలు తిన్న మనిషి గడప దగ్గర కూర్చునేది. కొట్టినవాడు మాతోపాటు చాప మీద. అతనికీ ఒక చిప్ప అందేది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఆమెకే: "ఏం చేశావని అతనికి అంత కోపం వచ్చింది?" మమ్మల్ని మేము న్యాయమూర్తులం అనుకునేవాళ్లం. నిజానికి, పగలంతా ఎవరూ లెక్కచేయని ముగ్గురు మగవాళ్లం. లెక్కచేయక తప్పని మనిషిని ఒకరిని గడప దగ్గర కూర్చోబెట్టుకుని మురిసిపోయేవాళ్లం.

చివర్న నేను ఉత్తరం రాసేవాణ్ణి. "ఇరుపక్షాలు తమ మనస్పర్థలను పరిష్కరించుకుని ఇకపై సామరస్యంగా జీవించదలచాయి." ఇద్దరి సంతకాలు, సంఘం ముద్ర. అది కోర్టుకు వెళితే కేసు పోయేది. ఎన్ని రాశానో గుర్తులేదు. గుర్తులేకపోవడమే ఆ పని ఎలాంటిదో చెబుతుంది.

వదిన ఆ ఉత్తరాలను కోర్టులో చూస్తూనే ఉండేది. ఇంట్లో ఏమీ అనేది కాదు. నేను భోజనానికి వెళితే, "ఏమయ్యా, ఈ సండే ఎవరికి సామరస్యం?" అని మాత్రం అడిగేది. నేను నవ్వేవాణ్ణి. అది వెటకారమని తెలిసే నవ్వేవాణ్ణి.

వటుకౌలాలో బంగారు గనిలో ఫిట్టరు పని చేసే ఒకతను మా అధ్యక్షుడికి వియ్యాలవారి వైపు చుట్టం. కాపురం గని వాళ్లిచ్చిన ఇంట్లో. భార్య పోలీసు స్టేషనుకు వెళ్లిందని అధ్యక్షుడికి కబురు వచ్చింది. ఆదివారానికి ఇద్దర్నీ పిలిపించాడు. ఆమెకు పాతికేళ్లుంటాయి. ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. పేరు రాయడం వచ్చు, ఇంగ్లీషు చదవడం రాదు.

నేను కాగితం ఆమె ముందు పెట్టాను. "ఇందులో ఏముంది మాస్టర్?" అని అడిగింది.

"ఇంట్లో శాంతి కోసం, బేటీ. సంతకం పెట్టు" అన్నాను.

పెట్టింది. నేను చెప్పింది అబద్ధం కాదని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ వారంలో కేసు పిలిచారు. ఈసారి ఉత్తరంలో పాత వాక్యంతోపాటు కొత్త మాటలు చేర్చాను కదా, ఎలా పనిచేస్తుందో చూద్దామని నేనూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. మొగుడి తరఫు లాయరు ఉత్తరం అందించాడు. మేజిస్ట్రేటు చూసి, "రాజీ పడ్డారు, మంచిది" అంటూ పెన్ను తీశాడు.

"సార్, ఈమెకు ఇంగ్లీషు రాదు. చదివి వినిపించమంటారా?" అంది వదిన.

ఆయన గడియారం చూసి, సరేనన్నాడు. వదిన నా ఉత్తరాన్ని మొదటి మాట నుంచి చివరి మాట వరకు హిందీలోకి మార్చి చదివింది. నేను గొప్పగా రాశాననుకున్న ప్రతి వాక్యం ఆ హిందీలో బట్టలు విప్పి నిలబడ్డట్టయింది. తప్పు ఇద్దరిదీ అని ఉంది. దెబ్బలు మెట్ల మీంచి పడితే తగిలినవని ఉంది. ఫిర్యాదు కోపంలో పెట్టిందని ఉంది. చదవడం పూర్తిచేసి వదిన ఆమెను అడిగింది, "ఇది నువ్వు చెప్పిందేనా?"

ఆమె మొగుడి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, బల్లల్లో నన్ను వెతికి, నా మొహం చూస్తూ అంది: "యే హమ్ నహీ బోలా."

వదిన మేజిస్ట్రేటు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది: "ఇది నేను చెప్పలేదు అంటోంది."

అక్కడితో ఆయన ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసి ఉండాలి. పడేయలేదు. మధ్యాహ్నం భోజనం వేళయింది. మూడు నెలలకు వాయిదా వేసి, "ఈలోగా ఇద్దరూ సర్దుకుని చూడండి" అని లేచిపోయాడు. ఇద్దరూ ఒకే బస్సులో వటుకౌలా వెళ్లారు. కోర్టులో కాదన్నందుకు మొగుడు ఆ వారంలోనే ఆమె చెవి మీద కొట్టాడు. కుడి చెవి పోయింది. మూడు నెలల తర్వాత కేసు పిలిచినప్పుడు ఆమె రాలేదు. సాక్షి రాలేదు కాబట్టి కొట్టేశారు. చట్టం ప్రకారం అంతా సక్రమం.

ఆ కబురు తెలిసిన రోజు వదిన మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు. "నీ ఇంగ్లీషు బాగుందయ్యా" అంది. తర్వాత అంది: "నీ చెయ్యి రాసింది. నా నోరు అడిగింది. పైన కూర్చున్నాయన వాయిదా ఇచ్చాడు. వాడు ఒక్కడే కొట్టలా. నలుగురం కొట్టినాం."

అంతే. వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలాకాలం వాళ్లింటికి వెళితే పళ్లెం పెట్టేది, కూర వడ్డించేది, పలకరించేది కాదు. నేను తిని వచ్చేవాణ్ణి. సంఘం పని మాత్రం మానలేదు. నాలాంటివాడికి ఒక్కసారి సిగ్గుపడితే సరిపోదు.

ఏళ్లు గడిచాయి. ఫ్యామిలీ కోర్టు అని వేరే వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో కొట్టేవాళ్ల మీద ఆర్డరు ఇచ్చే చట్టం వచ్చింది. ఇలాంటి కేసులకు వేరే రోజు, మూసిన తలుపులు, ఆడవాళ్లకు విడిగా కూర్చునే చోటు. దెబ్బలు తిన్న మనిషి రాలేకపోతే ఆమె తరఫున పోలీసులే అడగవచ్చు. మొగుడు వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే తాత్కాలిక ఆర్డరు ఇవ్వవచ్చు. మా కమిటీ దీన్ని చూసి మండిపడింది. "ఇళ్లు కూల్చే చట్టం" అని అధ్యక్షుడు ఉపన్యాసం ఇచ్చాడు. కూలడానికి అక్కడ ఇళ్లు ఉన్నట్టు.

వదినకు కొత్త కోర్టు మీదా పెద్ద భ్రమలేమీ లేవు. రిటైరయినా అవసరమైనప్పుడు పిలిచేవాళ్లు, వెళ్లేది. "గోడకు రంగేసినారు. పోస్టరు అంటించినారు. లాయరు లేటు, మేజిస్ట్రేటు లేటు, ఆడమనిషి మాత్రం పొద్దున ఏడుకే బెంచీ మీద" అనేది. కౌన్సెలింగ్ అనే మాట వింటే పెదవి విరిచేది. "రాజీకి ఇంగ్లీషు పేరు పెట్టినారు" అనేది. కానీ ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ రోజు ఎవరూ అడగలా" అందట. ఏమిటని కూతురు అడిగితే, "రాజీ పడ్డారా అని. ఒక్కరు కూడా అడగలా. ఈ రాత్రికి ఎక్కడ పడుకుంటావు అని అడిగింది ఆ మేజిస్ట్రేటమ్మ" అందట.

ఆ రోజు బోనులో ఉన్నది వటుకౌలా ఆవిడే. ఇన్నేళ్లకు ఆమెకు ఇద్దరు ఎదిగిన కూతుళ్లు. పెద్దదాని మీద కూడా చెయ్యి చేసుకున్నాడని, ఆ పిల్లే తల్లిని తీసుకొచ్చింది. ఇల్లు గని వాళ్లది, మొగుడి ఉద్యోగానికి ఇచ్చింది. అతన్ని కాదంటే ఇల్లూ పోతుంది. అది తెలిసీ వచ్చింది. లోవులో చెల్లెలి దగ్గర ఉంటానని చెప్పింది. ఆర్డరు ఆ మధ్యాహ్నమే ఇచ్చారు. పోలీసులు వటుకౌలా వెళ్లి గని గేటు దగ్గరే అతని చేతికిచ్చారు.

మర్నాడే అధ్యక్షుడు నన్ను పిలిచాడు. "మాస్టర్, నువ్వు లోవు వెళ్లి ఆ ఆడమనిషితో మాట్లాడు. నీ మాట వింటుంది. ఒక కాగితం కూడా పట్టుకెళ్లు" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కాగితం రాశాను. మడిచి జేబులో పెట్టుకుని లోవు వెళ్లాను. ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లే దారి మా వదిన వాకిలి ముందు నుంచే. వదిన మెట్ల మీద కూర్చుని చిక్కుళ్లు గిల్లుతోంది.

"ఎక్కడికి?" అంది.

చెప్పాను.

చేతిలో చిక్కుడుకాయ పళ్లెంలో వేసింది. "ఆర్డరు నేనే చదివి చెప్పినా ఆమెకు. నీకూ చెప్తా విను. వాడు ఆమెను కొట్టకూడదు. బెదిరించకూడదు. దగ్గరికి పోకూడదు. ఇంకొకణ్ణి పంపి ఆ పని చేయించకూడదు." నా జేబు వైపు చూసింది. "ఆ ఇంకొకడు నువ్వు."

నేను జేబులోని కాగితం బయటికి తీశాను.

"నువ్వు పోతే పెద్దమనిషి పోయినట్టు కాదు. వాడు పోయినట్టు. సమఝ్?"

ఇంగ్లీషులో నేను ఎన్నో ఉత్తరాలు రాశాను. నా గురించి ఇంత తిన్నగా రాసిన వాక్యం అప్పటిదాకా చూడలేదు. కోర్టు చేసిన మంచి ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ఎవరో తెలియని ఒక అధికారి, మాలాంటి పెద్దమనుషులు ఉంటారని ముందే కనిపెట్టి, ఆ ఒక్క ముక్క అందులో చేర్చాడు. కాగితం వదిన ముందే చింపాను. మెచ్చుకుంటుందేమోనని చూశాను. "ముక్కలు ఇక్కడ పడెయ్యకు" అని మళ్లీ చిక్కుళ్లు గిల్లుకుంది.

ఆ వారం కార్యదర్శి పదవి వదిలేశాను. మొగుడు అడగడంతో సంఘం నా బదులు పూజారిని పంపింది. ఆయన వెళ్లి ధర్మం గురించి చెబుతుంటే ఆ ఇంటివాళ్లు పోలీసులకు ఫోన్ చేశారు. ఆయన్ని, పంపించిన మొగుణ్ణి స్టేషనుకు పిలిచారు. మొగుడు మళ్లీ కోర్టు మెట్లెక్కాడు, ఈసారి ముద్దాయిగా. పూజారి ఒక నెలపాటు గుడి పెరటిదారినే వచ్చిపోయాడు.

ఆమెకు తుది ఆర్డరు వచ్చింది. కూతుళ్లతో లోవులోనే ఉండిపోయింది. యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని దొరికింది. గెలుపు అనే పెద్దమాట వాడను. చెవి రాలేదు.

క్షమించమని ఒకసారి వదినను అడిగాను. అప్పటికి ఆవిడ డయాలిసిస్‌కు వెళ్లి వస్తోంది. "మాఫ్ చెయ్యడానికి నేనెవరు? ఆమెను అడుగు" అంది. వెళ్లాను. షెడ్డులో పది పన్నెండు మిషన్లు ఆడుతున్నాయి. ఆమె పక్కన నిలబడి, దారిపొడుగునా కూర్చుకున్న మాటలు నెమ్మదిగా చెప్పాను. ఆమె కుట్టు ఆపి, తల ఇటు తిప్పింది. "జోర్ సే బోలో, మాస్టర్. ఈ కాన్ నహీ సునే" అంది, కుడి చెవి మీద వేలు పెట్టి.

గట్టిగా చెప్పాను. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అందరూ విన్నారు. ఆమె మొత్తం విని, తలూపి, మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. క్షమించిందో లేదో చెప్పలేదు. నేను అడగలేదు. వెళ్లి వదినకు చెప్పాను. "టీ తాగుతావా?" అంది. అన్నేళ్లలో నాకు దొరికిన మంచి మాట అది.

నాకు మంచి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరివల్లా నేను మారలేదు. ఒక మనిషి నన్ను చివరిదాకా చిన్నచూపు చూడడం వల్ల కాస్తన్నా మారాను. ఆ చిన్నచూపు నాకు దక్కిన గౌరవం. మారతాడన్న ఆశ లేకపోతే అంత ఓపికగా ఎవరు చిన్నచూపు చూస్తారు?

దహనం రోజు సంఘం వాళ్లు పెద్ద దండ తెచ్చారు. కొత్త అధ్యక్షుడు, పాత ఆయన కొడుకు, "శాంతిమూర్తి" అన్నాడు. వదిన ఉంటే కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది.

పదమూడో రోజు అయ్యాక, అమ్మ కోర్టు కార్డు తిరిగి ఇచ్చి రమ్మని కూతురు నాకిచ్చింది. తీసుకుని ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాను. క్లర్కు లోపల ఉన్నాడు, ఆగమన్నారు. వరండాలో ఒక బల్ల మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చివర కొంచెం ఖాళీ ఉంది. కూర్చోబోయాను. ఆ చివర ఉన్న పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో, కోపం లేకుండానే చెయ్యి చాపి ఎదురు వరండా చూపించింది. "మరద్ లోగన్ ఉధర్ బైఠే" అంది. మగవాళ్లు అక్కడ.

దాటి అవతలికి వెళ్లాను. అక్కడి బల్ల మీద మొగుళ్లు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కాలు, దువ్విన తలలు, చేతుల్లో మడిచిన కాగితాలు. ఒకతను నన్ను చూసి, ఏమీ అడగకుండా, ఎరిగున్నవాడిలా పక్కకు జరిగాడు. మిగతావాళ్లూ కొంచెం కొంచెం జరిగారు. నాకు సరిపడా చోటు అయింది.